అవమానానికి జవాబు ఎవరు చెప్పాలి?

ఒక మాట వల్ల స్త్రీలకు అవమానం జరిగినప్పుడు దానికి జవాబు ఎవరు చెప్పాలి? అవమానపడిన స్త్రీలా, పోలీసులా, న్యాయమూర్తులా? వినడానికి ఇది చిన్న ప్రశ్నే. కానీ గత ఐదారేళ్లుగా కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా జరిగినవి గుర్తు చేసుకుంటే, భావప్రకటనా స్వేచ్ఛ గురించి మనం మాట్లాడుకోవాల్సిన విషయాలన్నీ ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి చేరుతున్నాయనిపిస్తుంది.

2025 జూన్ 6న సాక్షి టీవీ చర్చలో అతిథిగా పాల్గొన్న విశ్లేషకుడు కృష్ణంరాజు అమరావతిని వేశ్యల రాజధాని అనే అర్థంలో మాట్లాడారు. ఆ కార్యక్రమం నడిపిన సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావు ఆ మాటను ఆపకపోగా నవ్వారన్నది ఆరోపణ. రాజధాని గ్రామాల స్త్రీలు రోడ్ల మీదికి వచ్చారు. కొన్నిచోట్ల సాక్షి కార్యాలయాల మీద దాడులు జరిగాయి. జూన్ 9న కొమ్మినేనిని హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్లతో పాటు ఐటీ చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా కేసులో చేర్చారు. ఆ మాట అన్న విశ్లేషకుణ్ణి కూడా తర్వాత అరెస్టు చేశారు. జూన్ 13న సుప్రీంకోర్టు కొమ్మినేనిని విడుదల చేయమంది. ఆ మాట ఆయన అనలేదనీ, ప్రత్యక్ష ప్రసారంలో పాత్రికేయుడిగా పాల్గొనే హక్కును కాపాడాలనీ చెప్పింది.

కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద బెజవాడ చేరి, ప్రకాశం బ్యారేజీ దాటితే రాజధాని గ్రామాలు ఎంతో దూరం కాదు. మా వైపు నుంచి ఆ ఊళ్లకు ఇచ్చిన ఆడపిల్లలున్నారు. అక్కడి నుంచి మా వైపుకి వచ్చిన కోడళ్లున్నారు. అందుకే ఆ వారం రోజులూ ఇక్కడ ఇళ్లలో, షేర్ ఆటోల్లో అదే మాట. మందడంలో కూతురున్న ఒక పెద్దావిడ, "మా పిల్లనన్నట్టేగా" అని కళ్లు తుడుచుకుంది. కోర్టు తీర్పు వచ్చాక ఒక డిగ్రీ విద్యార్థిని నన్ను సూటిగా అడిగింది. "మేడం, కోర్టు వదిలేసిందంటే, మమ్మల్ని అట్లా అనొచ్చనేగా అర్థం?"

కాదు. అయితే ఆ అమ్మాయి అడిగిన దాంట్లో పొరపాటు ఆమెది కాదు. మన సమాజం కోర్టుకి అప్పగించిన పాత్రే అటువంటిది. ఫలానా మాట నేరం కాదని కోర్టు అంటే, ఆ మాట మంచిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు. నేరం అని అంటే, స్త్రీల గౌరవం దక్కినట్టు. మధ్యలో మనం వాదించాల్సింది, తిప్పికొట్టాల్సింది, నవ్వుల పాలు చేయాల్సింది ఏమీ మిగలదు. నైతికమైన తీర్పు చెప్పే పనిని కూడా న్యాయమూర్తికే వదిలేస్తే, న్యాయస్థానం ఎంత ఉదారంగా వ్యవహరించినా స్త్రీలు మాట్లాడటం నేర్చుకోరు. ఎదురుచూడటం నేర్చుకుంటారు.

అసలు ఆ మాటలో అవమానం ఎక్కడుందో కూడా చూడాలి. అమరావతి స్త్రీలు రైతులు, కూలీలు, గృహిణులు. భూములిచ్చి, ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్న వాళ్లు. వాళ్ల శ్రమనీ పోరాటాన్నీ ఒక్క మాటతో చెరిపేయడం హింసే. దాన్ని హింస కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ వారం రోజుల ఉపన్యాసాల్లో "మేము అటువంటి ఆడవాళ్లమా?" అన్న వాక్యమే ఎక్కువ వినిపించింది. మరి "అటువంటి" ఆడవాళ్ల సంగతేమిటి? సెక్స్ వర్కర్లకు కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద గౌరవంగా బతికే హక్కు ఉందని 2022 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో విడుదల చేసిన చేతిపుస్తకంలో, స్త్రీలను కించపరిచే పదాలు తీర్పుల్లో వాడొద్దని న్యాయమూర్తులకే చెప్పింది. 2025లో ఇంత రగడ జరిగితే, ఆ పనిలో ఉన్న స్త్రీలను ఎవరైనా ఏమైనా అడిగారా? తిట్టిన వాళ్లూ, తిట్టు తిన్నామన్న వాళ్లూ, అరెస్టు చేసిన వాళ్లూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతోనే ఉన్నారు: వేశ్య అంటే మనిషి కాదు.

ఈ మాట తెలుగు నేల మీద కోర్టు గుమ్మం దాకా ఎట్లా నడిచిందో మనకు తెలుసు. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. పోలీసులు తమ రక్షణకు ఎంచుకున్న ఆయుధం ఒకటే, ఆమె వేశ్య అని. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయ్యాక అక్కడి కోర్టు నిందితులను వదిలేసింది. అత్యాచారం కేసులో బాధితురాలి శీలాన్ని తవ్వడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టంలోని నిబంధన 2002లో గానీ పోలేదు. స్టూడియోలో ఒక విశ్లేషకుడు అన్న మాటకు ఉన్న బలం ఆయన గొంతులోనిది కాదు. పోలీస్ స్టేషన్లూ కోర్టులూ ఏళ్ల తరబడి దానికి సమకూర్చిపెట్టిన బలం అది. ఆ బలాన్ని తీసేయమని మళ్లీ ఆ పోలీస్ స్టేషన్‌నే అడిగితే ఎంతవరకు తీస్తుంది?

ఇంకా వెనక్కి వెళ్తే ముద్దుపళని కనిపిస్తుంది. తంజావూరు ప్రతాపసింహుడి కాలం నాటి ఆమె 'రాధికా సాంత్వనము'ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వావిళ్ల వారు ప్రచురించారు. ఒక వేశ్య రాసింది, ఇంకొక వేశ్య అచ్చువేయించింది అన్న ధ్వని లేకుండా ఆనాటి విమర్శ సాగలేదు. స్త్రీలు ఇటువంటివి రాయడమా అని వీరేశలింగం గారు చిరాకుపడితే, సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ తన పీఠికలోనే నిలదీసింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమంటూ ప్రతులు స్వాధీనం చేసుకుంది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. మళ్లీ అచ్చు 1952లో. స్త్రీల మర్యాదను కాపాడటానికని చేసిన పని, స్త్రీ రాసిన పుస్తకాన్ని ముప్పై ఏళ్లకు పైగా పాఠకులకు దూరం చేసింది. మన వారసత్వంలో ఇది మరచిపోదగిన పాఠం కాదు.

ఇంక న్యాయవ్యవస్థ క్రియాశీలత సంగతి. కోర్టుల చొరవను తీసిపారేసే స్థితిలో మనం లేము. 2020 జనవరి 10న బెజవాడ కనకదుర్గ గుడికి నడిచి వెళ్లబోయిన అమరావతి స్త్రీలను పోలీసులు అడ్డుకుని ఈడ్చినప్పుడు, ఆ వార్తల ఆధారంగా హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి మొదలైన "న్యాయస్థానం నుంచి దేవస్థానం" పాదయాత్రకు పోలీసులు కాదంటే హైకోర్టే అనుమతి ఇచ్చింది. 2022లో అరసవిల్లి యాత్రకూ అంతే. కోర్టు లేకపోతే ఆ స్త్రీలు గుమ్మం దాటేవాళ్లు కాదు. ఇది ఒప్పుకోవాలి.

కానీ ఆ అనుమతి ఎట్లా వచ్చిందో కూడా చూడండి. అరసవిల్లి యాత్రలో ఆరువందల మందే నడవాలి. సంఘీభావం చెప్పేవాళ్లు రోడ్డుకి రెండు పక్కలా నిలబడాలి, కలిసి నడవకూడదు. నడిచేవాళ్లకు గుర్తింపు కార్డులుండాలి. ఆ కార్డుల పేరు మీదే పోలీసులు ఆపితే 2022 అక్టోబరులో యాత్ర ఆగిపోయింది. హక్కు అన్నది ఇక్కడ తలల లెక్కగా, కార్డుగా మారిపోయింది. రాజ్యాంగం పౌరులందరికీ అని రాసింది. న్యాయస్థానం ఆరువందల మందికి అని చదివింది. కోర్టు ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా ఒకరి దయతో లెక్కపెట్టి ఇచ్చిన దాన్ని స్వేచ్ఛ అనగలమా? పుట్టింటికి వెళ్లడానికి భర్త అనుమతి దొరికిన కోడలికీ, తన ఇష్టంతో వెళ్లే స్త్రీకీ ఉన్న తేడా మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఇద్దరూ వెళ్లేది అదే ఊరు, అదే బస్సులో.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన తీర్పు ఒకటుంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రోడ్ షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర తొక్కిసలాటలో ముగ్గురు స్త్రీలు చనిపోయారు. మర్నాడే రోడ్ల మీద సభలను దాదాపు నిషేధిస్తూ ప్రభుత్వం జీవో 1 తెచ్చింది. పండక్కి చీర ఇస్తామంటే గంటల తరబడి నిలబడాల్సిన పేదరికం ఎందుకుందన్నది ఆ జీవో అడగలేదు. గుంపును చూసి భయపడింది, అంతే. హైకోర్టు జనవరి 12న ఆ జీవోను తాత్కాలికంగా నిలిపివేసింది. మే 12న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ సోమయాజులు దాన్ని కొట్టేశారు. 1861 నాటి పోలీసు చట్టం సభలను క్రమబద్ధం చేయడానికి అధికారమిస్తుంది గానీ, ముందే కాదనడానికి ఇవ్వదన్నది దాని సారం. ఇది దయ కాదు. ఎంతమంది, ఎవరు, ఏ కార్డు అని అడగలేదు. అడ్డంగా ఉన్న గోడను తీసేసి పక్కకు తప్పుకుంది. నా దృష్టిలో న్యాయస్థానం చేయాల్సిన క్రియాశీలమైన పని అదే. అదే మిశ్రా గారు 2025లో సుప్రీంకోర్టులో కొమ్మినేనిని విడుదల చేసిన ధర్మాసనంలోనూ ఉన్నారు. ఒక పార్టీ ప్రభుత్వం తెచ్చిన జీవోను కొట్టేసిన న్యాయమూర్తే, మరో పార్టీ ప్రభుత్వం చేసిన అరెస్టునూ తప్పించారు. సూత్రం అంటే ఇట్లా రెండు వైపులా తెగాలి.

అయినా ఆ విడుదల ఉత్తర్వులో ఒక షరతు ఉంది. పరువుకు భంగం కలిగించే మాటలు ఆయన అనకూడదు, తన కార్యక్రమంలో ఇతరులను అననివ్వకూడదు. హక్కును కాపాడుతూనే రేపటి మాట మీద ఈరోజే కాపలా పెట్టిందన్నమాట. ఇది మనకు నచ్చినట్టుగానే ఉంటుంది, ఎందుకంటే ఈసారి ఎదురుగా ఉన్నది మనల్ని కించపరిచిన కార్యక్రమం. కానీ ఇదే షరతును రేపు ఒక స్త్రీవాద సభ నడిపే వాళ్లకి పెట్టారనుకోండి. వేదిక మీద ఎవరేమన్నా నిర్వాహకురాలిదే బాధ్యత అంటే, మైకు ఎవరి చేతికివ్వాలి?

న్యాయస్థానం తన గురించిన మాటలు వచ్చేసరికి ఎట్లా ఉంటుందో కూడా మన హైకోర్టులోనే చూశాం. 2020 సెప్టెంబరు 15న, అమరావతి భూముల కొనుగోళ్ల మీద పెట్టిన ఒక ఎఫ్ఐఆర్ గురించి పత్రికలు గానీ, సామాజిక మాధ్యమాలు గానీ ఏమీ రాయకూడదని హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ మౌనాన్ని సుప్రీంకోర్టు నవంబరు 25న నిలిపివేసింది. అంతకుముందు చరిత్ర కూడా ఒక్క తీరుగా లేదు. న్యాయవ్యవస్థది వర్గ దృష్టి అన్నందుకు 1970లో నంబూద్రిపాద్‌కు కోర్టు ధిక్కారం కింద శిక్ష పడింది. 1987లో హైదరాబాద్‌లో దాదాపు అదే ధోరణిలో మాట్లాడిన కేంద్ర మంత్రి, మన తెలుగాయన పి. శివశంకర్ మీద కేసు వేస్తే, అది ధిక్కారం కాదని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. న్యాయమూర్తి మారితే హక్కు కొలత మారుతోంది. భారతదేశంలో స్త్రీల ఉద్యమం ఒక మలుపు తిరిగిందే సుప్రీంకోర్టును బహిరంగంగా తప్పుపట్టడంతో. మథుర కేసు తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ లేకపోతే 1983 నాటి చట్ట సవరణ లేదు. న్యాయస్థానాన్ని ప్రశ్నించే హక్కు స్త్రీలకు మిగిలిన హక్కులన్నిటికీ పునాది.

మాటల్ని శిక్షించకూడదంటే ఎస్సీ ఎస్టీ చట్టం సంగతేమిటని దళిత స్త్రీలు అడుగుతారు. అడగాలి కూడా. నా దగ్గర ఉన్న జవాబు ఇది. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దని అడ్డుచెప్పింది ఒక మాదిగ స్త్రీ, మున్నంగి సువార్త. ఆ తర్వాత దళితవాడ మీద జరిగిన దాడిలో ఆరుగురు మరణించారు. అక్కడ నోరు నొక్కింది ప్రభుత్వం కాదు, ఊరు. కులం పేరుతో నలుగురిలో తిట్టడం మనసు నొప్పించడం మాత్రమే కాదు, నోరెత్తనీయకుండా చేసే పని. ఆ తిట్టుకి వెనక కర్రలుంటాయి. ఆ చట్టం దళితుల మాటకు చోటు కల్పించడానికి వచ్చింది. స్త్రీల మర్యాద పేరుతో వచ్చే సెక్షన్లు అట్లా కాదు. అవి స్త్రీని మాట్లాడే మనిషిగా చూడవు, కాపాడాల్సిన పరువుగా చూస్తాయి. మొదటిది అధికారాన్ని కొలుస్తుంది, రెండోది శీలాన్ని కొలుస్తుంది. రెంటినీ ఒకే ఎఫ్ఐఆర్‌లో కలిపి రాసినప్పుడు నష్టపోయేది మొదటిదే.

శీలాన్ని కొలిచే చట్టాలు ఎవరి మీదికి తిరుగుతాయో బయటి అనుభవం కూడా చెబుతోంది. కెనడాలో 1992 నాటి బట్లర్ తీర్పు, స్త్రీలను కించపరిచే అశ్లీల చిత్రణను శిక్షించవచ్చంటే చాలామంది స్త్రీవాదులు సంతోషించారు. ఆ తీర్పు వచ్చిన ఏడాదే టొరంటోలోని గ్లాడ్ డే పుస్తకాల షాపు మీద కేసు పడింది. కారణం, లెస్బియన్ స్త్రీలు తమ కోసం నడుపుకున్న ఒక పత్రికను అమ్మడం. మన పక్క రాష్ట్రంలో నటి ఖుష్బూ పెళ్లికి ముందు లైంగిక సంబంధాల గురించి ఒక అభిప్రాయం చెప్పినందుకు తమిళ స్త్రీల పరువు పోయిందని ఇరవైమూడు కేసులు పెట్టారు. 2010లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసేదాకా అయిదేళ్లు ఆమె కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తొంభైలలో మన కవయిత్రులు తమ శరీరం గురించి రాస్తే నీలికవితలన్న వాళ్ల చేతికి ఇటువంటి సెక్షన్ ఒకటి దొరికి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

పెద్ద కోర్టులో గెలిచిన హక్కు చిన్న బల్ల దాకా రావడం ఇంకొక కథ. జీవో 1 కొట్టేసిన ఏడాది తర్వాత, బెల్టు షాపుల గురించి ఒక చిన్న ఊరేగింపు చేద్దామని మా ప్రాంతంలో కొంతమంది స్త్రీలం ఒక పోలీసు స్టేషన్‌కి కాగితం పట్టుకెళ్లాం. ఎంతమంది వస్తారని అడిగారు, చెప్పాం. "మీ వెనకాల ఎవరున్నారు, మగవాళ్ల పేరొకటి రాయండి" అన్నారు. హైకోర్టు తీర్పు గురించి మాలో ఒకామె చెబితే, "అవన్నీ అక్కడ" అని కాగితం వెనక్కి తోశారు. 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసినా ఏళ్ల తరబడి దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో ఆ కోర్టే ఆశ్చర్యపోయింది. మాకు ఆశ్చర్యం లేదు. ఊరేగింపు చేశాం, ముప్పై మందిమి, మగవాళ్ల పేరు రాయకుండా.

అందుకని కోర్టుల దగ్గర మనం అడగాల్సింది రక్షణ కాదు, అడ్డు తొలగించడం. మాట్లాడినందుకు జైలు వద్దు. లెక్కపెట్టి ఇచ్చే అనుమతులు వద్దు. విడుదలతో పాటు అంటగట్టే మౌనం వద్దు. నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు తలుపు తెరుచుకోవడం పేరున్న పాత్రికేయుడికి దొరికినట్టే, పేరు లేని స్త్రీకీ దొరకాలి. నిజంగా హింసకు పురికొల్పే మాటకు చట్టం ఉండాలి, దాన్ని అధికారం ఎవరి వైపుందో చూసి వాడాలి. మిగిలిన అవమానాలకు జవాబు మనమే చెప్పాలి. మాటతో, రాతతో, నడకతో.

ఆ విద్యార్థినికి నేను చెప్పినదీ ఇంచుమించు ఇదే. కోర్టు ఆయన్ని వదిలేసింది గానీ, నీ నోరు మూయలేదు కదా, నువ్వేమంటావో రాయి అన్నాను. వారం తర్వాత రెండు పేజీలు తెచ్చింది. అమరావతి స్త్రీలు అటువంటి వాళ్లు కారని అందులో ఎక్కడా రాయలేదు. అటువంటి వాళ్లంటే మీకెందుకంత భయమని అడిగింది. ఈ ప్రశ్న ఏ కోర్టూ అడిగి ఉండేది కాదు.